పాత ఓమ్నీని ఆశ్రమానికి ఇవ్వాలి, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారి 2009 మారుతి ఓమ్నీ వాకిట్లో ఉంది. ఇంజిన్ బాగానే ఉంది, పక్క డోరు మాత్రం కాస్త పైకెత్తి లాగితే గానీ పడదు. ఏదైనా వృద్ధాశ్రమానికి ఇస్తే బియ్యం బస్తాలు, కూరగాయలు తెచ్చుకుంటారని అమ్మ పట్టు.

చిక్కంతా కాగితాల దగ్గరే. నాన్నగారు లేరు, ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్లు దాటాయి. ఫారం 31తో అమ్మ పేరుకు మార్చి, ఫారం 25తో రెన్యువల్ చేయించి, ఆపైన 29, 30 ఫారాలు పెట్టి ఆశ్రమం ట్రస్టు పేరుకు మార్చాలట. ఇంత ఖర్చూ పెట్టాక వాళ్లు వద్దంటే? అలాగని ఊరికే తాళాలు చేతిలో పెట్టి రావాలన్నా టెన్షనే. పేరు మారకముందు యాక్సిడెంట్ అయితే ఆర్సీలో ఉన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

పన్ను మినహాయింపు ఆశ లేదులెండి, అది డబ్బుగా ఇచ్చే విరాళాలకే, వస్తువులకు రాదు.

విజయవాడ, గుంటూరు వైపు ఇలా బండి ఇచ్చినవాళ్లున్నారా? రెన్యువల్, ఇన్సూరెన్స్ ఖర్చు మీరు పెట్టారా, వాళ్లా? లేక తుక్కుకు వేసి, ఆ డబ్బు చెక్కుగా ఇవ్వడమే మేలంటారా?