కుళాయి లేని చోట ఆర్‌వీ క్యాంపింగ్‌కు ఏ ఫిల్టర్ కొనాలి?

నమస్కారం అండీ. మేం ఫీనిక్స్‌లో ఉంటాం. అక్టోబరు చివర్లో యూటాలోని మోయబ్ దగ్గర బీఎల్ఎం భూముల్లో (కేంద్ర ప్రభుత్వ బహిరంగ భూములు) ఐదు రోజులు ఆర్‌వీలో (ఇల్లులా ఉండే బండి) ఉందామని ప్లాన్. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. హుకప్స్ (బండికి తగిలించుకునే నీళ్లు, కరెంటు కనెక్షన్లు) ఉండవు. మా నీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు. పప్పు, చారు, గిన్నెలు అంటూ మన వంటకి మూడో రోజుకే ఖాళీ.

పోయినసారి ఒకచోట నింపుకున్న నీళ్లతో టీ పెడితే ఒకటే తుప్పు వాసన. అత్తగారు ఒక్క గుక్క తాగి గ్లాసు అవతల పెట్టేశారు, ఇంటికొచ్చేదాకా మళ్లీ టీ మాటెత్తలేదు!

పైనుంచి వేలాడదీసే 0.1 మైక్రాన్ గ్రావిటీ ఫిల్టర్ చూశాను. బ్యాక్టీరియా, జియార్డియా (కడుపు చెడగొట్టే పరాన్నజీవి) ఆగుతాయి కానీ వైరస్‌లు ఆగవు. పైగా ఒకసారి తడిశాక గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు పగిలిపోవచ్చు, బయటికి తెలియదు కూడా. అక్కడ రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకోవాలా? కార్బన్ ఫిల్టర్ ముఖ్యంగా వాసన, రుచికే పనికొస్తుంది. ఆర్‌వో మాత్రం వద్దు, సగం నీళ్లు పారబోయడం మావల్ల కాదు.

ఇంకోటి, అక్కడ పారే కొలరాడో నది నీళ్లు బురదగా ఉంటాయి. ముందు పటిక తిప్పి తేర్చి, ఆ పైనీళ్లు ఫిల్టర్‌లో పోస్తే త్వరగా మూసుకుపోకుండా ఉంటుందా? ఊళ్లో గోదావరి ఎర్రనీళ్లకు చిల్లగింజ అరగదీసేవాళ్లం, ఇక్కడ అదెక్కడ దొరుకుతుంది!

బడ్జెట్ 200 డాలర్లు. సొంతంగా వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.