ఊపిరి బిగబట్టి చదివించే నవలలు చెప్తారా?

రెండు నెలలుగా ఏ నవల పట్టుకున్నా యాభై పేజీలు దాటట్లేదు. చివరిసారి నన్ను తెల్లారేదాకా కూర్చోబెట్టింది ఉంబెర్టో ఎకో రాసిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్'. 1327లో ఒక క్రైస్తవ మఠం, వరసగా చావులు, లోపలికెళ్తే దారి తప్పే గ్రంథాలయం. మధ్యలో మతచర్చలు వచ్చినచోట కొన్ని పేజీలు తిప్పేశాను, అబద్ధమెందుకు. కానీ రాత్రిపూట దొంగచాటుగా ఆ గ్రంథాలయంలోకి వెళ్లే ఘట్టం చదువుతుంటే, పక్కగదిలో తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడ్డాను.

అలాంటివి కావాలి. క్రైమ్ కథలో హంతకుడెవరో ముందే తెలిసిపోయినా ఫర్వాలేదు, దొరుకుతాడా లేదా అన్న టెన్షన్ ఉంటే చాలు. జార్జ్ ఆర్వెల్ నవల '1984'లో హీరో విన్‌స్టన్ డైరీ రాసుకోడానికి, ప్రభుత్వం ఇళ్లలో నిఘాకి పెట్టిన టెలిస్క్రీన్‌కి కనబడని మూలన నక్కి కూర్చుంటాడు చూడండి, అక్కడ హత్యా లేదు, వెంటాడటమూ లేదు. అయినా నా అరచేతులు చెమట పట్టాయి. అంత బిగువున్న డిస్టోపియన్ నవలలు, అంటే అణచివేత నిండిన ఊహాలోకాల కథలు, ఇంకేమున్నాయి?

ఫాంటసీ నాకు కొత్త. మొదటి వంద పేజీలూ రాజవంశాల పేర్లకే సరిపోతే నిద్రొచ్చేస్తుంది. హీరో ఇరుక్కున్న ప్రతిసారీ మంత్రమేసి బయటపడేవీ వద్దు. మంత్రానికీ ఒక హద్దు, వాడినందుకు ఒక నష్టం ఉండాలి.

ఒక్క పుస్తకంలో ముగిసేవైతే మేలు. తెలుగు అనువాదం దొరికితే ఆ మాట కూడా రాయండి. చివరి మలుపు మాత్రం దయచేసి చెప్పకండి. పోయినసారి ఒకాయన ఉత్సాహంలో హంతకుడి పేరుతోనే మొదలుపెట్టారు!