చేత్తో తిప్పే రోటరీ ఫిక్చర్: వైపులు కలిసే చోట మెట్టు రాకుండా ఎలా?

వడ్రంగిపిట్ట:
నాది మూడు యాక్సిస్‌ల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు బిట్‌ను మూడు దిక్కుల్లో నడిపి చెక్కే మెషీన్). పలకల మీద చెక్కడం బాగానే వస్తోంది, ఇప్పుడు బొమ్మలు, కుర్చీ కాళ్లు నాలుగు వైపులా చెక్కాలని ఉంది. మోటారుతో తిరిగే నాలుగో యాక్సిస్ అక్కర్లేదు, ఒక వైపు అయ్యాక చేత్తో 90 డిగ్రీలు తిప్పి, పిన్ను పెట్టి, మళ్లీ నడిపితే చాలు. ఒక చివర రంధ్రాల పళ్లెం, రెండో చివర టెయిల్‌స్టాక్ (చెక్క రెండో కొసను పట్టుకుని తిరగనిచ్చే ఆధారం) పెడదామనుకుంటున్నాను. పళ్లెం 18 ఎంఎం ప్లైవుడ్‌తో చేయొచ్చా? వైపులు కలిసే చోట మెట్టు రాకూడదంటే ఏం చూసుకోవాలి?

రంపంపొట్టు:
ప్లైవుడ్ చాలు, కానీ పళ్లెం పెద్దదిగా చేయండి. పిన్ను దగ్గర 0.1 ఎంఎం వదులుందనుకోండి. రంధ్రాలు కేంద్రానికి 80 ఎంఎం దూరంలో ఉంటే, 40 ఎంఎం దూరంలో ఉన్న చెక్క మీద ఆ తేడా 0.05కి తగ్గుతుంది, రంధ్రాలు 20 ఎంఎం దూరంలోనే ఉంటే అదే 0.2 అవుతుంది. 15 డిగ్రీలకొకటి చొప్పున 24 రంధ్రాలు మీ రౌటర్‌తోనే వేయండి, అప్పుడు 4, 6, 8, 12 వైపులు అన్నీ కుదురుతాయి. పిన్ను కొస కోసుగా ఉంటే రంధ్రంలో బిగుసుకుని వదులు పోతుంది. ఇంకో మాట, పిన్ను కోణం నిలబెట్టడానికే. పళ్లేన్ని విడిగా క్లాంపుతో బిగించండి, లేదంటే కోత ఒత్తిడంతా పిన్ను మీద పడి రంధ్రం పెద్దదైపోతుంది.

టేకుదుంగ:
పళ్లెం ఎంత బాగా చేసినా జీరో, అంటే మెషీన్ కొలత మొదలుపెట్టే చోటు, తప్పితే మెట్టు వస్తుంది. వై (ఇరుసుకు అడ్డంగా), జెడ్ (పైకీ కిందికీ) రెండు జీరోలూ చెక్క పైముఖం మీద కాదు, తిరిగే ఇరుసు మీదే ఉండాలి. ముందు వంపు లేని ఒక గుండ్రటి రాడ్డు బిగించి, స్పిండిల్‌కు (బిట్‌ను తిప్పే భాగానికి) డయల్ గేజ్ (చిన్న తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) తగిలించి, పైనా పక్కనా ఎక్స్ పొడవునా, అంటే ఇరుసు వెంట, నడిపి ఇరుసు సమాంతరంగా ఉందో లేదో చూడండి.

తర్వాత ఒక తుక్కు ముక్క పెట్టి జెడ్ 20 దగ్గర చదును చేసి, 180 డిగ్రీలు తిప్పి మళ్లీ అంతే చేయండి. వెర్నియర్‌తో కొలిస్తే మందం 40 రావాలి. 40.4 వచ్చిందంటే మీ జీరో అసలు ఇరుసు కంటే 0.2 పైన ఉందన్నమాట, అంత కిందికి దించండి. వై కోసం అదే ముక్కకు వై జీరో మీద రెండు వైపుల నుంచీ సగం సగం లోతు రంధ్రం వేసి మధ్యలో కోసి చూడండి, లోపల కనిపించే మెట్టులో సగమే మీ తప్పు. ఈ పరీక్ష చేయకుండా మంచి చెక్క మీద చేయి వేయకండి, దయచేసి.

వడ్రంగిపిట్ట:
ఈ రంధ్రం పరీక్ష నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. బొమ్మకి నాలుగు వైపులు చాలా, ఆరు కావాలా? ఒక వైపు పూర్తిగా ముగించాకే తిప్పాలా?

రంపంపొట్టు:
అలా ముగించకండి. ముందు అన్ని వైపులా రఫింగ్ (ముతకగా ఎక్కువ చెక్క తీసేయడం), ఆ తర్వాతే ఫినిషింగ్ (నున్నగా చెక్కడం). చెక్కలో ఉన్న బిగువు రఫింగ్‌తో వదిలి ముక్క కాస్త వంగుతుంది, ఒక వైపు ముందే నున్నగా చేసేస్తే ఆ వంపు అతుకు దగ్గర బయటపడుతుంది. గుండ్రటి బొమ్మకైతే ఆరు వైపులే మేలు, నాలుగుతో చేస్తే 45 డిగ్రీల దగ్గర బాల్ నోజ్ (కొస గుండ్రంగా ఉండే బిట్) గీతలు దూరదూరంగా పడతాయి. ఒక్కో వైపు కోతను పక్క వైపు మీదికి రెండు మూడు ఎంఎం పొడిగించండి. రెండు చివర్లా మందంగా చెక్క వదిలేసి చివర్లో రంపంతో కోసేయండి. బిట్ ఇరుసు దాకా దిగినప్పుడు కొలెట్ నట్టు (బిట్‌ను పట్టి బిగించే నట్టు) చెక్కకు తగలకుండా చూసుకోండి.