పీసీఆర్ ఉండగా వైరస్ కల్చర్ ఇంకా దేనికి?

కైలాసగిరి_పీజీ: విశాఖలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను. మొన్న సెమినార్‌లో మా మేడమ్ "వైరస్ నిర్ధారణకి గోల్డ్ స్టాండర్డ్ కల్చరే" అన్నారు, అంటే శాంపిల్‌లోని వైరస్‌ని బతికున్న కణాల్లో పెంచి చూడటం. మా బ్యాచ్‌లో కణాల్లో వైరస్ పెరగడం కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ రిపోర్టు సాయంత్రానికి వస్తుంది, కల్చర్‌కి వారం, సీఎంవీ (సైటోమెగలోవైరస్) అయితే ఇంకా ఎక్కువ. వైవాకి తప్ప దీంతో పనేముంది?

గాజువాక_టెక్నీషియన్: నా మాటా అదే తమ్ముడూ. పాడేరు నుంచి శాంపిల్ ఘాట్ రోడ్డు దిగేలోపు ఐస్ ప్యాక్ కరిగిందా, వైరస్ చచ్చినట్టే, ఇక కల్చర్‌లో ఏం పెరుగుతుంది? పీసీఆర్‌కి అది బతికుండక్కర్లేదు, జన్యు పదార్థం మిగిలితే చాలు. హెర్పిస్ మెదడువాపులో వెన్నునీటిని కల్చర్ చేస్తే వైరస్ దాదాపు చిక్కదు. పీసీఆర్ రాకముందు మెదడు ముక్క తీసి చూసేవాళ్లు!

పాత_మైక్రోస్కోప్: బతికుండక్కర్లేదు అన్నావే, నా గొడవంతా అక్కడే. కోవిడ్ రోజుల్లో మా బావగారికి జ్వరం తగ్గి మూడు వారాలైనా ఆర్టీపీసీఆర్ పాజిటివే. ఇంట్లో ఆయన తిన్న కంచం ముట్టిన వాళ్లు లేరు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లలో పది రోజులు దాటాక బతికున్న వైరస్ దొరకడం అరుదని తేల్చింది కల్చరే. ఇంకోటి, పీసీఆర్ మనం వేసిన ప్రైమర్‌కి (వెతికే వైరస్ జన్యువుకి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క) తగ్గదాన్నే పట్టుకుంటుంది. 2003లో సార్స్ వచ్చినప్పుడు పేరే తెలియని వైరస్‌కి ప్రైమర్ ఎక్కడిది? వీరో కణాల్లో (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు) పెరిగింది కాబట్టి దొరికింది.

సీతమ్మధార_ల్యాబ్: సర్, మీ మాట నిజమే గానీ ఆ కణాలని మేపేది ఎవరు? వారం వారం పాసేజ్ (కణాలని కొత్త సీసాల్లోకి మార్చడం), ఇంక్యుబేటర్, లిక్విడ్ నైట్రోజన్. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ ఏమయ్యాయో గుర్తుందిగా. చిన్న ల్యాబ్‌కి ఇది తలకు మించిన భారం.

పాత_మైక్రోస్కోప్: ప్రతి ల్యాబ్‌లో పెట్టమని నేననలేదమ్మా. మందు మొదలుపెట్టడానికి పీసీఆరే, ఒప్పుకున్నా. కానీ హెర్పిస్‌కి ఎసైక్లోవిర్ మందు ఇచ్చినా పుండు మానకపోతే? ఆ వైరస్‌ని పెంచి, మందు పోసి చూడాలిగా. టీచింగ్ హాస్పిటల్లో ఒక్క కల్చర్ ల్యాబ్ అయినా ఉండాలి.

గాజువాక_టెక్నీషియన్: రెసిస్టెన్స్‌ని (మందుకి లొంగకపోవడాన్ని) ఇప్పుడు సీక్వెన్సింగ్‌లోనే, అంటే వైరస్ జన్యుక్రమం చదివే చూస్తున్నారు కదా సర్.

పాత_మైక్రోస్కోప్: తెలిసిన మ్యుటేషన్ అయితే చూస్తారు. కొత్తదైతే?

కైలాసగిరి_పీజీ: షెల్ వయల్ (చిన్న సీసాలోని కణాలపై శాంపిల్ వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే త్వరిత కల్చర్) అయితే ఒకట్రెండు రోజుల్లో తేలుతుందట. విశాఖలో దాన్ని చేసి చూపించేవాళ్లు ఎవరైనా ఉన్నారా సర్? ఆదివారమైనా వస్తాను.