1818 రాముడి బిళ్ళకు 5 లక్షలు ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాయనమ్మ పోయాక ఆవిడ దేవుడి పెట్టెలో ఒక పెద్ద బిళ్ళ దొరికింది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, యూకేఎల్ వన్ అన్నా, 1818 అని ఇంగ్లీషులో ఉంది. ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టగానే ఒకాయన ఫోన్ చేసి 5 లక్షలకు కొంటానన్నాడు, కానీ ముందు రిజిస్ట్రేషన్‌కని 4,800 పంపమంటున్నాడు. ఇంకొకాయనేమో ఇంటికొచ్చి, అది బియ్యం లాగుతుందేమో చూస్తానంటున్నాడు. చెల్లి పెళ్ళి దగ్గర పడింది, నాన్న కట్టేద్దామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. కాస్త త్వరగా చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ముందు నాన్నగారిని ఆపు. ఆ డబ్బు పంపొద్దు. నిజంగా నాణేలు కొనేవాడు వస్తువు చూసి డబ్బిచ్చి పట్టుకెళ్తాడు. అమ్మేవాడి దగ్గరే ఫీజు, కమిషన్, పన్ను అని అడిగేవాడు కొనేవాడు కాదు. మా పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారు, జాగ్రత్త అని రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. బియ్యం లాగడం అనేది రైస్ పుల్లింగ్ మోసం. పిడుగు పడిన రాగికి శక్తి వస్తుందని చెప్పి మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమందిని ముంచారు. ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. ఆ మనిషిని గడప తొక్కనివ్వకు.

ఇక బిళ్ళ సంగతి. అది కంపెనీ నాణెం కాదు. పుణ్యక్షేత్రాల్లో, కోటల దగ్గర బండ్ల మీద అమ్మే బిళ్ళ. అచ్చం అలాంటివే 1616, 1717, 1839 అని తేదీలు వేసినవి కూడా దొరుకుతాయి. 1616 నాటికి కంపెనీ పుట్టి 16 ఏళ్ళే. బిళ్ళ మీది ‘యూకే’ని యునైటెడ్ కింగ్‌డమ్ అనుకున్నా, ఆ పేరు అధికారికంగా వచ్చింది 1801లో, అంటే 1616, 1717 నాటికి అది లేనే లేదు. ఇంకా తేలిగ్గా పట్టుకోవాలంటే ‘వన్ అన్నా’ దగ్గర ఆగి చూడు. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చినప్పుడు రాగిలో అర్ధణా, పావు అణా (దాన్నే ‘కానీ’ అనేవారు), దమ్మిడీ వేసింది. అప్పుడు కూడా రాగి అణా వేయలేదు. మన తాతలు వాడిన అణా బిళ్ళ ఎడ్వర్డ్ రాజు కాలంలో వచ్చింది, అంచు వంకులు తిరిగిన నికెల్ బిళ్ళ అది.

ఒక్క మాట. కంపెనీ నాణెం మీద దేవుడే ఉండడని కొందరు కొట్టిపారేస్తారు, అది తప్పు. మద్రాసులో వేసిన నక్షత్ర వరహా మీద విష్ణుమూర్తి ఉంటాడు. కాకపోతే అది చిన్న బంగారు బిళ్ళ. ఇంగ్లీషు అక్షరాలూ తేదీ ఉండవు.

విలువంటావా, నేను ఇలాంటిదే బండి మీద 60 రూపాయలకు కొన్నాను. అంతకు మించి ఆశపడకు. నాయనమ్మ పూజ చేసిన రాముడు కదా, అమ్మే మాట పక్కన పెట్టి మళ్ళీ పూజలోనే పెట్టుకోండి.

ఇంకొకరి ప్రశ్న:
అండీ, మా అత్తగారి దగ్గర విక్టోరియా రాణి బొమ్మ రూపాయి ఉంది, 1840ది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పంపమంటోంది. అసలుదో నకలో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

జవాబు:
ఉందమ్మా. బంగారం కొట్లో తూయించండి. అసలు రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా తులం. అప్పట్లో తులానికి ఆ రూపాయి బరువే ప్రమాణం. బాగా అరిగితే కొద్దిగా తగ్గుతుంది గానీ, 9 గ్రాములు తూగితే మాత్రం నకలే. తర్వాత అంచు చూడండి. గీతలు చుట్టూ ఒకే తీరుగా ఉండాలి. పోత పోసిన నకలుకు అంచు మధ్యలో సన్నని అతుకు గీత కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే రాణి చెంప మీద, అక్షరాల మధ్య చిన్న చిన్న పొక్కులుంటాయి. అక్షరాల మొనలు కరిగిన సబ్బు మీద ముద్రలా మెత్తబడి ఉంటాయి. అసలుది ఎంత అరిగినా పొక్కులు రావు.

దయచేసి చింతపండుతోనో పౌడరుతోనో తోమకండి. తోమిన నాణేనికి సేకరించేవాళ్ళు సగం ధర కూడా ఇవ్వరు. అసలుదైతే అందులో దాదాపు 10.7 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే వచ్చేదానికి తక్కువకు ఇవ్వకండి. అమెరికా పంపడం మాత్రం కుదరదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించడం నేరం. నకలైతే పంపుకోవచ్చు, కానీ నకలని రాసి పంపండి.

మొదటి ప్రశ్న అడిగినవారు:
అన్నా, డబ్బు కట్టలేదు. నంబరు బ్లాక్ చేశాను, నాన్నకు మీ జవాబు చదివి వినిపించాను. అదే పెట్టె అడుగున నల్లబడిన రాగి బిళ్ళ ఇంకొకటి దొరికింది. ఒకవైపు హృదయం ఆకారంలో గుర్తు, అందులో వి, ఈ, ఐ, సీ అక్షరాలు, 1797 అని ఉంది. రెండోవైపు రెండు సింహాలు, ఇంగ్లీషులో ‘48 టు వన్ రుపీ’. ఇది కూడా బండి మీదిదేనా?

జవాబు:
తమ్ముడూ, దాన్ని జాగ్రత్తగా పెట్టు! రాతను బట్టి చూస్తే అది మన ఉత్తర సర్కారుల (అప్పట్లో మన కోస్తా జిల్లాలకున్న పేరు) కోసమే కంపెనీ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టించిన రాగి నాణెం. అలాంటివి 48 ఇస్తే ఒక రూపాయి. అప్పట్లో ‘యు’ బదులు ‘వి’ చెక్కేవారు, అంటే యునైటెడ్ ఈస్ట్ ఇండియా కంపెనీ అన్నమాట. మీ కోనసీమ సంతల్లోనే చేతులు మారి ఉండొచ్చు. లక్షలు రావు, కానీ మీ నాయనమ్మ పెట్టెలో అసలు పాతది ఇదే. అంచు, రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి పగటి వెలుగులో ఫోటోలు తీసి పెట్టు, బరువు కూడా రాయి. పోతదో అచ్చు కొట్టిందో చూసి చెబుతాను. అంతవరకూ గుడ్డతో కూడా తుడవొద్దు.