పులి కోసం పెంట ఖాళీ చేయాల్సిందేనా? నల్లమల చెంచుల తరలింపుపై చర్చ

రవళి_అచ్చంపేట
నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియాలో, అంటే పులుల కోసం కేటాయించిన నడిమి అడవిలో ఉన్న ఊళ్లను, చెంచు పెంటలను (చెంచు ఆదివాసుల చిన్న గూడేలను) బయటికి తరలించాలన్న మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ప్యాకేజీ సంగతి తెలిసిందే. కుటుంబానికి 15 లక్షల నగదు, వద్దంటే ఇల్లు, భూమి. 2024లో మన కవ్వాల్ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా నుంచి మైసంపేట, రాంపూర్ వాళ్లను ఇలాగే బయటికి తెచ్చారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. చెంచు పెంటలను కదిలించకూడదు. అది చెంచులకే కాదు, పులికీ మంచిది కాదు. కాదనేవాళ్లు కారణాలు రాయండి, తిట్లు వద్దు.

ప్రసాద్_వై
రవళి గారూ, నేను కాదనేవాణ్నే. ఆడపులి పిల్లలను పెంచుకోవాలంటే దుప్పులు, కణుజులు, అడవిపందులు దండిగా ఉండాలి, మనిషి అలికిడి ఉండకూడదు. ఊరు ఉంటే పశువులు ఉంటాయి, కుక్కలు ఉంటాయి, ఉచ్చులు ఉంటాయి, ఎండాకాలం నిప్పు పడుతుంది.

ఇంకో మాట. ఆదివాసీ అంటే ప్రకృతి బిడ్డ అని అందరం అనేస్తాం. న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీల పూర్వీకులు అడుగుపెట్టిన రెండు వందల ఏళ్లలోపే ఎగరలేని మోవా పక్షి జాతులన్నీ అంతరించిపోయాయి. అంత దూరం ఎందుకు, మన తపసి చెట్టు నుంచి తీసే బంక (జిగురు) సంగతే చూడండి. గొడ్డలితో లోతుగా నరికి బంక తీస్తుంటే చెట్లు ఎండిపోయి, చాలాచోట్ల తపసి చెట్టే కరువైంది. అడవిలో పుట్టినంత మాత్రాన అడవిని కాపాడతారని ఏం గ్యారంటీ?

రవళి_అచ్చంపేట
గ్యారంటీ ఏమీ లేదు ప్రసాద్ గారూ. పుట్టుకతో వచ్చే గుణం అని నేను అననే లేదు. తరతరాలు ఒకేచోట ఉండి, తప్పులు చేసి, దెబ్బతిని నేర్చుకునే పని అది. మోవాలను చంపింది ఆ దీవికి కొత్తగా వచ్చినవాళ్లు. వాళ్ల వారసులే తర్వాత 'రాహుయి' అనే కట్టుబాటు పెట్టుకున్నారు. చేపలో పక్షులో తగ్గాయనిపిస్తే ఆ చోట కొంతకాలం ఎవరూ వేటాడకూడదు. కదలకుండా ఉన్నారు కాబట్టి నేర్చుకున్నారు.

తపసి గురించి మీరు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. ఆ బంక ఎగుమతి సరుకు. రేటు పెరిగిన కొద్దీ గొడ్డలి వేటు లోతుగా దిగింది. తర్వాత గిరిజన సహకార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు శిక్షణ ఇచ్చాయి. చిన్న కత్తితో బెరడు మేరకే గీయాలి, గాయం మానే దాకా చెట్టును వదిలేయాలి. అలా తీసిన బంకలో చెత్త తక్కువ, మంచి గ్రేడు పడుతుంది. చెట్టూ బతుకుతుంది. నేర్చుకుని అలా చేస్తున్నదీ ఆ అడవి మనుషులే. రేపు వాళ్లను ఏ కాలనీకో పంపితే చెట్టు ఏది మానిందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో చూసే కన్ను ఎవరికి ఉంటుంది?

తేనె తీయడం దగ్గరుండి చూశాను. తాడు కట్టి కొండ చరియ మీదుగా దిగుతారు. పచ్చి ఆకుల పొగతో ఈగలను లేపి, తేనె ఉన్న భాగమే కోస్తారు, పిల్ల ఉన్న భాగం ముట్టుకోరు. గడ్డలు తవ్వినప్పుడూ అంతే, తీగ మొదలు మళ్లీ మట్టిలో పెట్టి కప్పేస్తారు. ఇది వాళ్లకు పూజ కాదు, వచ్చే ఏడాది తిండి.

బేస్‌క్యాంప్_నర్సింహ
నేను ఆ అడవిలో అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పని చేశాను. ట్రాకర్లుగా, వాచర్లుగా చెంచులే ఎక్కువ. కెమెరా ఎక్కడ కడితే పులి ఫొటో పడుతుందో మాకు చెప్పేది వాళ్లే. కొండముచ్చు అరుపు విని, అది పులిని చూసి అరిచిందా లేక చిరుతనా అని వాళ్లలో వాళ్లు వాదించుకుంటుంటే నేను నోరు తెరుచుకుని వినేవాణ్ని. బురదలో అడుగు చూసి ఆడదా మగదా, రాత్రి నడిచిందా తెల్లవారాకనా అనేవారు. ఈ చదువు ఏ ట్రైనింగ్‌లోనూ రాదు.

కానీ రవళమ్మా, ఒకటి మీరు రాయలేదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చిన రోజులు నాకు తెలుసు. వాన పడితే దారి ఉండదు, సిగ్నల్ ఉండదు. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకు 15 లక్షలు, రోడ్డు పక్కన ఇల్లు అంటే ఆశ పుట్టదా? వెళ్తామనేవాళ్లను ఆపే హక్కు మనకెక్కడిది?

ప్రసాద్_వై
నర్సింహ అన్న చెప్పిందే నా మాట కూడా. పైగా చట్టమే స్వచ్ఛందంగా అంటోంది కదా. ఇష్టమైనవాళ్లే వస్తారు.

కావ్య_ఎకాలజీ
బి.ఆర్. హిల్స్ సంగతి ఇక్కడ చెప్పాలి. కర్ణాటకలో సోలిగ ఆదివాసులు ఉండే కొండలు అవి. 2011లో టైగర్ రిజర్వ్ లోపలే వాళ్లకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. వాళ్లను పంపించకుండానే 2014 లెక్కలకు అక్కడ పులులు పెరిగాయి. అంతకుముందు సంగతి ఇంకా ముఖ్యం. సోలిగలు ఎండాకాలం మొదట్లోనే రాలిన ఆకులకు చిన్న మంట పెట్టేవారు. అభయారణ్యం అయ్యాక ఆ మంటలను ఆపించారు. దాంతో లాంటానా అనే కలుపు కంప అడవంతా అల్లుకుని గడ్డిని మింగేసిందని వాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. గడ్డి లేకపోతే దుప్పికి మేత లేదు, దుప్పి లేకపోతే పులికి తిండి లేదు. ఆస్ట్రేలియాలో ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసులు పెట్టే ఇలాంటి ముందస్తు చిన్న మంటల వల్ల తర్వాత పెద్ద మంటలు, పొగ తగ్గుతాయని, వాటికే ఇప్పుడు ప్రభుత్వం కార్బన్ క్రెడిట్లు (అమ్ముకుని డబ్బు చేసుకోగల పత్రాలు) ఇస్తోంది. ప్రసాద్ గారు నిప్పు అని ఒక్క మాటలో తీసేశారు. ఏ నిప్పు, ఏ నెలలో అన్నది అడగాలి కదా.

ప్రసాద్_వై
కావ్య గారూ, బి.ఆర్. హిల్స్ ఒక్కటి చూపించి దేశమంతటికీ అన్వయించలేం. జనాభా పెరుగుతుంది, పశువులు పెరుగుతాయి, ఫోను, బైకు వచ్చాక అడవితో సంబంధం పాతలా ఉండదు. ఎక్కడో ఒక చోటైనా పూర్తిగా పులికి వదలాలి. నా మాట మీద నేను ఉన్నాను.

రవళి_అచ్చంపేట
పూర్తిగా పులికి వదలాలంటున్నారు, మరి ఆ అడవి మధ్య నుంచే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పోతోంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆపుతారు, మిగతా సమయమంతా బండ్లే. అదే అడవిలో యురేనియం తవ్వుతామంటే పెంటలవాళ్లూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ అడ్డం పడ్డాకే 2019లో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మనుషులు లేని కోర్ ఏరియా అయి ఉంటే మొదట గొంతెత్తేది ఎవరు?

నర్సింహ అన్నా, వెళ్తామనేవాళ్లను ఆపాలని నేను అనడం లేదు. కానీ స్వచ్ఛందం అంటే ఏమిటో 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. ముందు హక్కులు తేల్చి ఇవ్వాలి, మనిషికీ జంతువుకీ కలిసి బతికే దారి లేదని తేలాలి, ఆ తర్వాత గ్రామసభ ఒప్పుకోవాలి. ఇంటింటికీ వెళ్లి సంతకం పెట్టించుకోవడం గ్రామసభ కాదు. పెంటలో వైద్యం ఇవ్వకుండా, బయటికి వస్తేనే ఆసుపత్రి అంటే అది ఇష్టపడి రావడం ఎలా అవుతుంది?

పెంట_కుర్రోడు
మాది లోపలి పెంట. డిగ్రీ చదువుతున్నా. మా నాన్న వెళ్లను అంటాడు. మా అక్క వెళ్దాం అంటుంది, ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. ఇంట్లోనే రెండు మాటలు ఉన్నాయి, మీరందరూ చెంచులు అని ఒకే మాటగా రాస్తున్నారు. నాకు కావాల్సింది చెప్తా. నర్సు నెలలో రెండుసార్లు పెంటకు రావాలి. మేం తరతరాలుగా బతికే అడవి మీద మా ఆవాస హక్కు కాగితం మా పేరు మీద ఇవ్వాలి. అవి వచ్చాక గ్రామసభ పెట్టి అడగండి, మా అక్క, మా నాన్న ఇద్దరూ అక్కడ మాట్లాడతారు. ప్రసాద్ సార్, ఆ సభలో కాదంటే మీరు ఒప్పుకుంటారా?

ప్రసాద్_వై
హక్కు కాగితం ముందు ఇవ్వాలన్నది ఒప్పుకుంటాను తమ్ముడూ. సభ కాదంటే, పశువుల మేతకు, ఉచ్చులకు హద్దు ఎవరు పెడతారో కూడా ఆ సభలోనే రాసి ఇవ్వాలి.

పెంట_కుర్రోడు
రాస్తాం సార్. రోడ్డు మీద బండ్లకు హద్దు కూడా అందులోనే రాస్తాం.