ధ్యానంలో వచ్చిన కవితను దిద్దవచ్చా?

నీలిసిరా:
మేం నలుగురం కలిసి ఆధ్యాత్మిక రచనలకీ, చిత్రాలకీ ఒక ఆన్‌లైన్ త్రైమాసిక పత్రిక పెడుతున్నాం. ఏ మతమైనా సరే, ఏదీ లేకపోయినా సరే. తొలి సంచికకే చిక్కు వచ్చిపడింది. ఒకావిడ పన్నెండు లైన్ల కవిత పంపి, కింద ఇలా రాశారు: "ఇది ధ్యానంలో వచ్చింది. అక్షరం కూడా మార్చకండి."

మొదటి రెండు లైన్లకే సర్దుకుని కూర్చున్నాను. చీకటి గది, అప్పుడే ఆరిన దీపం, ఇంకా పొగ వదులుతున్న వత్తి. మూడో లైను: "వెలుగులో వెలుగై వెలిగే వెలుగు." అక్కడ జారిపోయింది. మాలో ఇద్దరు ఉన్నదున్నట్టు వేద్దామంటున్నారు, ఇద్దరు దిద్దాలంటున్నారు. మీరేమంటారు?

గంటం:
దిద్దకూడదు. అనుభవం ఆవిడది, దానికి మార్కులు వేయడానికి మనమెవరం? నచ్చకపోతే తిప్పి పంపండి. అచ్చుతప్పులు చూసుకుంటే చాలు, ఇలాంటి రాతకి ఎడిటర్ అక్కర్లేదు.

పాతపాఠకురాలు:
గంటం గారూ, వేమన పద్యాలు మీ దాకా ఎలా వచ్చాయంటారు? సి.పి. బ్రౌన్ రాతప్రతులు పోగేసి, ప్రతికీ ప్రతికీ మారే పాఠాంతరాలు సరిచూసి, దొరికినవాటిలో కొన్నిటిని ఏరి 1829లో అచ్చు వేయించాడు. ఏది ఉంచాలో ఏది వదలాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చవలసిందే.

అనుభవాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు. కాగితం మీదికొచ్చింది మాత్రం భాష. వత్తి పొగని పట్టుకున్న మనిషి ఆ వెలుగు లైను రాశారంటే, అక్కడ చూడటం మానేసి ఎప్పుడో విన్నది అప్పజెప్పారన్నమాట. రామదాసుని చూడండి. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని రాముడికే లెక్క చెప్పాడు. ఆ కీర్తన గుండెకి తగిలేది ఆ లెక్క వల్లే.

గంటం:
మీలాంటి ఎడిటర్ ఉంటే "కీర్తనలో ఖర్చులెందుకు?" అని ముందు ఆ లెక్కే కొట్టేసేవారు!

పాతపాఠకురాలు:
హహ, ఒప్పుకుంటున్నా. చెడ్డ ఎడిటర్ చెయ్యి ముందు పడేది అలాంటి చోటే.

రంగులపెట్టె:
బొమ్మల ఊసు ఎవరూ ఎత్తరేం? కవితకి వెలుగు జబ్బు ఉన్నట్టే బొమ్మకి తామరపువ్వు జబ్బు. పద్మాసనంలో నల్లటి నీడ, వెనక సూర్యోదయం. ఉచితంగా దొరుకుతుందని ప్రతి కవిత పక్కనా అది అతికిస్తే ఆ కవిత చచ్చినట్టే. అంతకంటే ఖాళీ వదిలేయడం నయం.

పాత చిత్రాలు వాడుకుంటే జాగ్రత్త. భారత చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. కొత్తవాళ్లకి హక్కులు వాళ్లవేనని, మీకు వేసుకునే అనుమతి మాత్రమేనని ముందే రాసివ్వండి. డొమైన్ రెన్యూ చేయడం మర్చిపోయి పాత సంచికలన్నీ మాయమైన పత్రికలో నా బొమ్మలూ పోయాయి, అందుకే చెబుతున్నా. సంచిక రాగానే, వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో ఒక కాపీ భద్రం చేయండి.

నీలిసిరా:
వారం తర్వాత వచ్చాను, ఏమనుకోకండి. మేం ఏమీ దిద్దలేదు. మూడో లైను పక్కన ఒక్క ప్రశ్న రాసి పంపాం: "ఇక్కడ మీకు ఏం కనిపించింది?" నాలుగు రోజులు జవాబు లేదు, ఆవిడ నొచ్చుకున్నారేమోనని ఒకటే టెన్షన్. నిన్న వచ్చింది. "ఏమీ కనిపించలేదండీ. చీకట్లో తడుముకుంటే వత్తి తగిలి వేలు కాలింది. అది కవితలో రాయకూడదేమో అనుకున్నా." ఇప్పుడు మూడో లైను వేలు కాలడమే. ఆవిడే మార్చి పంపారు.

గంటం:
అలా అడగడం కూడా దిద్దడమేనండీ, నా మాట నాదే. సంచిక రాగానే లింకు ఇక్కడ పెట్టండి, చదువుతాను.